మే నెలలో ఇంట్లో బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ డెవలపింగ్: కుళాయి నీళ్లే 34 డిగ్రీలు, 20కి ఎలా తేవాలి?

బెజవాడ_ఫిల్మ్
మేడ మీద ట్యాంకు నీళ్లు తెల్లవారుజామున 31, మధ్యాహ్నం 38. నిన్న రాత్రి కొలిస్తే 34. ఫిల్మ్ హెచ్‌పీ5 ప్లస్ 400, డెవలపర్ (బొమ్మను తేల్చే మందు) ఐడి-11 1+1, అంటే ఒక పాలు స్టాక్ (ముందే కలిపి ఉంచిన చిక్కటి ద్రావణం), ఒక పాలు నీళ్లు. ఇల్‌ఫోర్డ్ కాగితంలో 20 డిగ్రీలకు 13 నిమిషాలని ఉంది. డెవలపర్ గిన్నెను ఐసు మధ్య పెట్టి 20కి తెచ్చాను. స్టాప్ (డెవలపింగ్‌ను ఆపే మందు), ఫిక్సర్ (బొమ్మను నిలిపే మందు), కడిగే నీళ్లు ఎలా ఉన్నవి అలాగే వాడాను.

మూడు రోల్స్, మూడు రకాల తేడాలు. మొదటిదాంట్లో ఆకాశం ఉన్నచోట ఇసుక చల్లినట్టు గరుకు. రెండోది మొత్తం పాలు కలిపినట్టు మసక, కాస్త ఊదా రంగు కూడా. మూడోదాంట్లో పక్క రంధ్రాల దగ్గర నుంచి లోపలికి చారలు, నాలుగైదు ఫ్రేముల్లో నెలవంకలాంటి మచ్చలు. 24 మెగాపిక్సెల్ ఏపీఎస్-సీ (చిన్న సెన్సరు) కెమెరాతో స్కాన్ చేస్తున్నాను. 20 డిగ్రీలు పాటించడం ఇక్కడ కుదిరే పనేనా?

డార్క్‌రూమ్_సుబ్బు
మూడిటికీ కారణాలు వేరు. ఎండ మీద పెట్టాల్సింది మొదటిదొక్కటే.

ఒకటి, గరుకు. డెవలపర్ 20, తర్వాత పోసినవి 34. ఒక్కసారిగా 14 డిగ్రీల తేడా. ఫిల్మ్ మీది జెలటిన్ పూత వేడికి ఉబ్బుతుంది, మెత్తబడుతుంది. ఇప్పటి ఫిల్మ్‌ను తయారీలోనే గట్టిపరుస్తారు కాబట్టి పాతకాలంలో లాగా బీటలువారడం అరుదు, కానీ గ్రెయిన్ (బొమ్మలోని వెండి రేణువులు) గుంపులుగా కనిపించడానికి ఆ తేడా చాలు. 20 అనే అంకె ముఖ్యం కాదు. డెవలపర్, స్టాప్, ఫిక్సర్, కడిగే నీళ్లు అన్నీ ఒకే మెట్టు మీద ఉండటం ముఖ్యం. కడుగుడు నీళ్లకు కూడా 5 డిగ్రీలకు మించి తేడా రానివ్వకండి.

రెండు, పాల మసక. ఫిక్సింగ్ పూర్తికాలేదు. కంగారు పడొద్దు, ఆ రోల్ బతికే ఉంది. వెలుతురులోనే కొత్త ఫిక్సర్‌లో మళ్లీ 5 నిమిషాలు వేసి బాగా కడగండి.

మూడు, చారలు డెవలపింగ్ ట్యాంకును గట్టిగా ఊపడం వల్ల. రంధ్రాల్లోంచి డెవలపర్ జోరుగా దూకితే అక్కడ ఎక్కువ డెవలప్ అవుతుంది. మొదటి 10 సెకన్లలో నాలుగుసార్లు తలకిందులు చేయండి, తర్వాత ప్రతి నిమిషం మొదట్లో మళ్లీ నాలుగుసార్లు, నిదానంగా. ప్రతి విడత తర్వాత ట్యాంకు అడుగును బల్లకు తట్టండి, గాలిబుడగలు పోతాయి. నెలవంకలు రీలు మీదికి ఎక్కించేటప్పుడు ఫిల్మ్ మడతపడినచోట వచ్చినవి.

వరంగల్_50ఎంఎం
20కి తెచ్చుడు ఎందుకన్నా గింత కష్టపడి? 30 దగ్గర్నే చేస్కో, టైం తగ్గించుకో. ఫ్రిజ్ లేని రోజుల్ల స్టూడియోలోళ్లు ఎండకాలం దుకాణం మూసుకున్నరా?

డార్క్‌రూమ్_సుబ్బు
@వరంగల్_50ఎంఎం సమయం తగ్గించుకోవచ్చు, కానీ హద్దుంది. ఒక్కో డిగ్రీకి సుమారు పదో వంతు తగ్గుతుంది. 13 నిమిషాలు 24 డిగ్రీలకు 9 అవుతుంది, బాగానే ఉంటుంది. 30కి వెళ్తే నాలుగున్నర. 5 నిమిషాల లోపు పనిలో పోయడానికీ ఒంపడానికీ పట్టే పదేసి సెకన్లే లెక్క చెడగొడతాయి. రోల్ పైభాగం, కిందిభాగం ఒకేలా రావు.

వరంగల్_50ఎంఎం
1+1 అయితే నువ్వన్నది నిజమే. 1+3 చేయరాదు? 20కి 20 నిమిషాలు, 30కి ఏడు. ఏడు నిమిషాలంటే చేతిల ఉన్న పనే. నేను ఏప్రిల్ నుంచి జూన్ దాకా గట్లనే చేస్త. స్టాప్, ఫిక్సర్ కూడా 30నే.

గ్రెయిన్_గోపాలం
1+3కి ఒక షరతు ఉందండి. ఒక 36 ఫ్రేముల రోల్‌కు కనీసం 100 మిల్లీలీటర్ల స్టాక్ అందాలి. 35 ఎంఎం రోల్ ఒక్కదానికి ప్యాటర్‌సన్ ట్యాంకులో 290 మిల్లీలీటర్లు పడుతుంది, అందులో 1+3 అంటే స్టాక్ 73 దగ్గరే. ఎండ బాగా ఉన్నచోట తీసిన ఫ్రేములు ఎక్కువుంటే డెవలపర్ మధ్యలోనే నీరసిస్తుంది, తెల్లని భాగాలు చప్పగా వస్తాయి. రెండు రీళ్ల ట్యాంకు తీసుకుని ఒక రీలు ఖాళీగా పెట్టి 400 పైన పోయండి.

వరంగల్_50ఎంఎం
అవును, నేను పోసేది 500. చెప్పుడు మరిచిన.

బెజవాడ_ఫిల్మ్
24 నాకు నచ్చింది. కానీ ఐసు మధ్య పెడితే గిన్నె అంచు చల్లగా, మధ్య వేడిగా ఉంటోంది. థర్మామీటరు రెండు చోట్ల రెండు అంకెలు చూపిస్తోంది.

ఉక్కునగరం_లెన్స్
ఐసు వాడక్కర్లేదండి. కలిపే నీళ్లనే చల్లగా తీసుకోండి. 1+1 అంటే సగం స్టాక్, సగం నీళ్లు, కాబట్టి రెండిటి సగటే మీ ఉష్ణోగ్రత. స్టాక్ 34, ఫ్రిజ్ నీళ్లు 14 అయితే కలిపాక 24. ఫ్రిజ్ నీళ్లు మరీ 6 ఉంటే సరిగ్గా 20కి దిగుతుంది. రెండు సీసాలు పెట్టుకోండి, ఒకటి ఫ్రిజ్‌లో, ఒకటి బయట. కొలిచి కలపడమే.

ఫిక్సర్ 1+4కి గాఢద్రవం 34 ఉంటే నీళ్లు 21న్నర ఉండాలి, అప్పుడు 24. స్టాప్‌లో దాదాపు అంతా నీళ్లే, నేరుగా 24 నీళ్లతో కలపండి.

గ్రెయిన్_గోపాలం
దానికి తోడు బయట తొట్టి ఒకటి ఉండాలి. గది 36 ఉంటే 9 నిమిషాల్లో ట్యాంకు రెండు డిగ్రీలు ఎక్కేస్తుంది. బక్కెట్టులో 10 లీటర్ల నీళ్లు 23కి తెచ్చి, విడతకూ విడతకూ మధ్య ట్యాంకును అందులో మెడ దాకా ముంచి ఉంచండి. కొలత సీసాలు కూడా అందులోనే. లెక్క కావాలంటే: 34 డిగ్రీల నీళ్లు ఒక లీటరును 24కి దించడానికి సుమారు 96 గ్రాముల ఐసు, 20కి అయితే 140. పది లీటర్లకు కిలో ఐసు అనుకోండి. ఈ ఐసు బక్కెట్టులోకే, డెవలపర్‌లోకి కాదు.

ట్యాంకును అరచేతులతో చుట్టి పట్టుకోకండి. మూత, అడుగు పట్టుకుని తిప్పండి. ఒంటి వేడి కూడా లెక్కలోకి వస్తుంది.

శ్రీకాకుళం_120
నీళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. బోరు నీళ్లయితే డెవలపర్‌కు వాడొద్దు. కాల్షియం ఎక్కువుంటే స్టాక్ కలిపేటప్పుడే తెల్లటి మడ్డి దిగుతుంది, ఆరాక నెగెటివ్ మీద సున్నపు చుక్కలు. డెవలపర్‌కు, ఆఖరి ముంపుకు బ్యాటరీ దుకాణంలో దొరికే డిస్టిల్డ్ వాటర్ తీసుకోండి. మధ్యలో కడగడానికి ఇంట్లో వచ్చే నీళ్లు చాలు.

బెజవాడ_ఫిల్మ్
మాది బోరే. ఇప్పటిదాకా అన్నిటికీ అదే వాడాను. కడగడానికి చల్లటి నీళ్లు అంత ఎక్కడ తేవాలి? కుళాయి కింద పది నిమిషాలు పెడితే 34 నీళ్లే కదా.

డార్క్‌రూమ్_సుబ్బు
కుళాయి కింద పెట్టొద్దు. ట్యాంకులో 24 నీళ్లు నింపి 5 సార్లు తిప్పి ఒంపండి, మళ్లీ నింపి 10 సార్లు, మళ్లీ నింపి 20 సార్లు. ఇల్‌ఫోర్డ్ వాళ్లు చెప్పిన పద్ధతే ఇది, గట్టిపరిచే మందు కలపని ఫిక్సర్‌కు సరిపోతుంది. ఒక రోల్‌కు లీటరు నీళ్లతో పని అయిపోతుంది. చివర డిస్టిల్డ్ వాటర్‌లో ఫోటో-ఫ్లో (నీటి చుక్కలు నిలవకుండా జారిపోయేలా చేసే ద్రవం) 1+200, అర నిమిషం. లీటరుకు 5 మిల్లీలీటర్లే. నురగ వస్తోందంటే ఎక్కువ పోశారని.

పిక్సెల్_పద్మ
ఆరబెట్టేటప్పుడు ఫ్యాన్ వేయకండి. ఎండాకాలం మన గాలిలో దుమ్ము ఎక్కువ, తడి జెలటిన్ మీద పడిందంటే అందులోనే అతుక్కుపోతుంది. స్నానాలగదిలో గోడలకు నీళ్లు చల్లి, పావుగంట తలుపేసి ఉంచి, దుమ్ము దిగాక ఫిల్మ్ వేలాడదీయండి. కింద బరువు క్లిప్ తప్పనిసరి. పొడిగాలికి ఫిల్మ్ గొట్టంలా చుట్టుకుంటుంది, ఆ వంపు తర్వాత స్కానింగ్‌లో ఏడిపిస్తుంది.

చేతిసంచి_చందు
నెలవంకల దగ్గరికి వద్దాం. చేంజింగ్ బ్యాగులో (చేతులు దూర్చి ఫిల్మ్ ఎక్కించే, వెలుతురు చొరని సంచి) చెమటే అసలు దోషి. రెండు నిమిషాల్లో లోపల ఆవిరి పట్టేస్తుంది, ఫిల్మ్ తేమ పీల్చుకుని ప్లాస్టిక్ రీలులో ఇరుక్కుంటుంది, బలవంతంగా తోస్తే మడత. కాబట్టి:

రీలును ముందురోజే కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. గాడి మొదట్లో ఉండే చిన్న ఇనుప గుండ్లు తడిగా ఉంటే కదలవు. ఫిల్మ్ నాలుక కోశాక రెండు మూలలూ గుండ్రంగా కత్తిరించండి, రంధ్రం మధ్యలోంచి కోత పోకుండా. మొదటి అంగుళం వెలుతురులోనే ఎక్కించి, మిగతాది బ్యాగులో. ఇరుక్కుంటే లాగొద్దు. ఫిల్మ్‌ను, రీలును ట్యాంకులో వేసి మూత బిగించి, చేతులు బయటికి తీసి తుడుచుకుని, పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలెట్టండి. కిటికీలేని గదిలో రాత్రిపూట తలుపు సందుకు దుప్పటి కప్పి చేస్తే బ్యాగే అక్కర్లేదు.

ఉక్కునగరం_లెన్స్
చందు చెప్పిన చెమట విశాఖలో ఏడాదంతా ఉంటుంది. స్టీలు రీలు అలవాటు చేసుకుంటే ఈ బాధ సగం పోతుంది, తడిగా ఉన్నా ఎక్కుతుంది. కాకపోతే చెయ్యి తిరగడానికి పాడైన రోల్ ఒకటి పెట్టుకుని వెలుతురులో పదిసార్లు, కళ్లు మూసుకుని పదిసార్లు ఎక్కించాలి.

కాఫీ_కెమెరా
ఇంత మందులెందుకు, కెఫెనాల్ (కాఫీతో చేసే డెవలపర్) చేయండి. లీటరుకు బట్టల సోడా 54 గ్రాములు, విటమిన్ సి 16, ఇన్‌స్టంట్ కాఫీ 40. 20 డిగ్రీలకు 15 నిమిషాలు.

గ్రెయిన్_గోపాలం
ఆ లెక్క సరైనదే కానీ 400 ఫిల్మ్‌కు పొగమసక ఎక్కువ వస్తుంది, అందుకే లీటరుకు ఒక గ్రాము పొటాషియం బ్రోమైడ్ కలుపుతారు. వేడిలో ఆ మసక ఇంకా పెరుగుతుంది. ఇంకో రెండు జాగ్రత్తలు. 54 అనేది నీటి అంశం లేని సోడాకు లెక్క. స్ఫటికాలుగా దొరికేదైతే 146 గ్రాములు పడుతుంది. కాఫీలో చికోరీ ఉండకూడదు, మన దగ్గర సగం ఇన్‌స్టంట్ పొడుల్లో ఉంటుంది. డబ్బా వెనక చూసి కొనండి. చికోరీ కాఫీలా డెవలప్ చేయదు, బరువు మాత్రం తూగుతుంది.

వరంగల్_50ఎంఎం
కొత్తగ నేర్చుకునేటోళ్లకు కాఫీ వద్దన్నా. తప్పు ఎక్కడ జరిగిందో పట్టుకోలేం. ముందు ఒక్క ఫిల్మ్, ఒక్క డెవలపర్, ఒక్క టెంపరేచర్ పట్టుకుని పది రోల్స్ తియ్యాలె.

కాఫీ_కెమెరా
కొత్తవాళ్లకని నేను అనలేదు. అయినా ఖర్చు మాటేమిటి? ఐడి-11 పెట్టె దొరకడమే కష్టం.

డార్క్‌రూమ్_సుబ్బు
ఖర్చుకు మంచి దారి కొడాక్ వాళ్ల డి-76 డెవలపర్ సొంతంగా కలుపుకోవడం. 1927 నాటి సూత్రం, ఐడి-11తో దాదాపు సమానం. లీటరుకు మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100, హైడ్రోక్వినోన్ 5, బోరాక్స్ 2. నీళ్లు 50 డిగ్రీల దగ్గర 750 మిల్లీలీటర్లు తీసుకోండి. ముందు చిటికెడు సల్ఫైట్, తర్వాత మెటాల్, అది పూర్తిగా కరిగాక మిగతా సల్ఫైట్, ఆ తర్వాత హైడ్రోక్వినోన్, బోరాక్స్, చివర నీళ్లతో లీటరుకు నింపడం. సల్ఫైట్ అంతా ముందే వేశారంటే మెటాల్ కరగదు. 0.1 గ్రాము చూపే తూకం ఉండాలి.

కాలేజీ ల్యాబులకు సామాను అమ్మే దుకాణాల్లో ఇవన్నీ దొరుకుతాయి. అడిగేటప్పుడు మాత్రం సల్ఫైట్, సల్ఫేట్, థయోసల్ఫేట్ మూడూ వేరని గుర్తుంచుకోండి. కాగితం మీద రాసివ్వండి, సీసా మీద పేరు చదివి తీసుకోండి. సల్ఫైట్ బదులు సల్ఫేట్ వేస్తే డెవలపర్ ఒక్కరోజులో గోధుమరంగుకు తిరిగి చచ్చిపోతుంది. మెటాల్ కొందరికి చర్మం మీద దద్దుర్లు తెస్తుంది, చేతి తొడుగులు వేసుకోండి.

శ్రీకాకుళం_120
సల్ఫేట్ ప్రస్తావన వచ్చింది కాబట్టి: దానికీ ఒక పని ఉంది. వేడి దేశాల కోసం పాత పుస్తకాల్లో చెప్పే చిట్కా అది. డెవలపర్‌లో లీటరుకు 50 నుంచి 100 గ్రాముల సోడియం సల్ఫేట్ కలిపితే జెలటిన్ ఉబ్బదు, 30 దాటినా మెత్తబడదు. ఉబ్బు తగ్గితే డెవలపర్ లోపలికి ఇంకడమూ నెమ్మదిస్తుంది, అంచేత సమయం కాస్త పెంచాలి. కరెంటు పోయి ఫ్రిజ్ పనిచేయని రోజు వరంగల్ అన్న పద్ధతికి ఇది తోడు.

వరంగల్_50ఎంఎం
ఇది నాకు కొత్త. ఈ నెల చేసి చూస్త.

బెజవాడ_ఫిల్మ్
పటిక వేస్తే ఫిల్మ్ గట్టిపడుతుందని మా వీధి స్టూడియో ఆయన అన్నారు. హైపోలో (సాదా సోడియం థయోసల్ఫేట్ ఫిక్సర్) వేయొచ్చా?

డార్క్‌రూమ్_సుబ్బు
ఆయన చెప్పింది సగం. పటిక గట్టిపరుస్తుంది, కానీ సల్ఫైట్, ఎసెటిక్ ఆమ్లం కూడా ఉన్న ఫిక్సర్‌లోనే. ఉత్త హైపోలో పటిక వేస్తే గంధకం విడిపోయి పాలు విరిగినట్టవుతుంది. పైగా గట్టిపడిన ఫిల్మ్‌ను ఎక్కువసేపు కడగాలి, మీకున్న కరువే చల్లటి నీళ్లు. వదిలేయండి.

హైపో సంగతి మాత్రం మీకు పనికొస్తుంది. స్ఫటికాలు లీటరుకు 250 గ్రాములు. కరిగేటప్పుడు అది వేడిని లాక్కుంటుంది, నీళ్లు బాగా చల్లబడతాయి. చలికాలంలో అందుకే గోరువెచ్చటి నీళ్లు వాడతాం, ఎండాకాలంలో అదే కలిసొస్తుంది. ఫిక్స్ అవ్వడానికి 10 నిమిషాలు. టి-మ్యాక్స్, డెల్టా రకాల ఫిల్ములకు మాత్రం ఉత్త హైపో చాలదు, అమ్మోనియం థయోసల్ఫేట్ ఉన్న ర్యాపిడ్ ఫిక్సర్ కావాలి.

గ్రెయిన్_గోపాలం
ఏ ఫిక్సర్ అయినా ప్రతిసారీ ముక్క పరీక్ష చేయండి. కోసేసిన ఫిల్మ్ నాలుకను ఫిక్సర్‌లో వేసి ఎన్ని సెకన్లలో తేటపడిందో చూడండి. దానికి రెండింతలు మీ ఫిక్సింగ్ సమయం. కొత్తగా కలిపిననాటి లెక్కను సీసా మీద రాయండి. అది రెట్టింపైన రోజు పారబోయడమే. ఈ పరీక్ష చేసి ఉంటే రెండో రోల్ అలా అయ్యేది కాదు.

శ్రీకాకుళం_120
పారబోయడం అంటే మొక్కల్లోకో కాలువలోకో కాదు. అందులో వెండి ఉంటుంది. క్యానులో పోగుచేసి స్టీల్ ఊల్ వేసి ఉంచితే వెండి అడుగుకు దిగుతుంది. వంటింటి గిన్నెలు, గరిటెలు వీటికి వాడొద్దు. ఫ్రిజ్‌లో పెట్టే సీసా కూడా ఉత్త నీళ్లదే, డెవలపర్ పచ్చళ్ల పక్కన చేరకూడదు.

డాలస్_నెగెటివ్
ఆగస్టులో ఇక్కడి కుళాయి నీళ్లూ చల్లగా రావు, సగటు లెక్క నేనూ వాడతాను. ఇక్కడి నుంచి ఫిల్మ్ తెప్పించుకునేవాళ్లకు ఒక మాట: చెక్-ఇన్ సూట్‌కేసులో ఎప్పుడూ పెట్టించకండి, వాటిని చూసే యంత్రాలు బలమైనవి. చేతిసంచికి కూడా ఇప్పుడు సీటీ స్కానర్లు వచ్చాయి, ఒక్కసారికే ఫిల్మ్ మసకబారుతుంది. రోల్స్ డబ్బాల్లోంచి తీసి పారదర్శకమైన కవర్లో వేసి, చేత్తో చూడమని అడగాలి.

చేతిసంచి_చందు
అలా తెచ్చుకున్న రోల్ ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే డబ్బా విప్పొద్దు. కనీసం గంట, మన తీరప్రాంతంలో రెండు గంటలు ఆగాలి. లేదంటే చెమ్మ పట్టి ఫిల్మ్ మీద మచ్చలు.

కలర్_కామేశ్
అందరూ చల్లబరచడం గురించే మాట్లాడుతున్నారు. ఎండాకాలం కలర్ చేయండి! సి-41 (కలర్ నెగెటివ్ పద్ధతి) డెవలపర్ 37.8 డిగ్రీలు, 3 నిమిషాల 15 సెకన్లు. మీ నీళ్లు 34 దాకా వాటంతటవే వచ్చాయి, ఇంకో నాలుగు డిగ్రీలే. బక్కెట్టులో అక్వేరియం హీటరు కాకుండా సూ-వీడ్ కర్ర (నీళ్లను ఒకే వేడిలో ఉంచే వంటింటి హీటరు) పెడితే నిలకడగా ఉంటుంది.

డార్క్‌రూమ్_సుబ్బు
ఆ మాట నిజమే, కానీ అక్కడ పావు డిగ్రీ తేడాకే రంగులు మారతాయి. బ్లాక్ అండ్ వైట్ ఒక డిగ్రీని క్షమిస్తుంది. ఇంకోటి, సినిమా ఫిల్మ్ చుట్టి అమ్మే రోల్స్ కొనేవాళ్లు వెనక నల్లటి రెమ్‌జెట్ పూత ఉందేమో అడిగి తెలుసుకోండి. ఉంటే సి-41 ల్యాబుకు ఇవ్వకండి, ఆ మసి వాళ్ల యంత్రంలో మందునంతా పాడుచేస్తుంది. ఇంట్లో అయితే వంటసోడా కలిపిన గోరువెచ్చటి నీళ్లతో ముందు వదిలించి, చివర తడి స్పాంజితో తుడవాలి.

బెజవాడ_ఫిల్మ్
కలర్ తర్వాత. స్కానింగ్ మీద ఎవరైనా చెప్పండి. 50 ఎంఎం లెన్సుకు 10, 16 ఎంఎం ట్యూబులు (లెన్సును కెమెరాకు దూరం జరిపే గొట్టాలు) రెండూ పెట్టాను, ఫ్రేము సెన్సరును నింపట్లేదు. మూలలు మెత్తగా, అడ్డంగా గీతలు.

పిక్సెల్_పద్మ
36 ఎంఎం వెడల్పున్న ఫ్రేము 23.5 ఎంఎం సెన్సరులో పట్టాలంటే 0.65 రెట్లు కావాలి. ట్యూబు పొడవు అంటే లెన్సు ఫోకల్ లెంగ్త్‌ను ఆ రెట్లతో హెచ్చవేయడమే: 50 × 0.65, అంటే 32న్నర. మీది 26, అందుకే 0.52 దగ్గర ఆగింది. 12, 20, 36 ఉండే సెట్టులో 12, 20 కలిపితే 32, మిగతా అర మిల్లీమీటరు ఫోకస్ తిప్పుడులో వస్తుంది. అప్పుడు 6000 పిక్సెళ్లు 36 ఎంఎం మీద పడతాయి, అంగుళానికి 4200 పైన.

మూలలకు: ఫిల్మ్ ఉండేచోట చిన్న అద్దం పడుకోబెట్టండి. కెమెరాలో చూస్తే లెన్సు ప్రతిబింబం సరిగ్గా మధ్యలో కనిపించాలి. పక్కకు జరిగితే కెమెరా వాలినట్టు. ఎఫ్/8 పెట్టండి, ఎఫ్/16కి పోతే డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రంలో కాంతి చెదరడం) గ్రెయిన్‌ను మెత్తబరుస్తుంది. ఫోకస్ బొమ్మ మీద కాదు, పెద్దది చేసి చూస్తూ గ్రెయిన్ మీదే చేయండి.

గీతలు ఎల్ఈడీ మినుకుమినుకు వల్ల. సైలెంట్ షట్టర్ తీసేసి 1/15 కన్నా నెమ్మదిగా, రెండు సెకన్ల టైమరుతో తీయండి.

కాఫీ_కెమెరా
ఇంత తంటా ఎందుకు, ఫ్లాట్‌బెడ్ స్కానర్ కొంటే పోదా?

పిక్సెల్_పద్మ
120 (వెడల్పాటి) ఫిల్మ్‌కు పోతుంది, 35 ఎంఎంకు పోదు. ఎప్సన్ వి600 మీద అంగుళానికి 6400 చుక్కలని రాసి ఉంటుంది, నిజంగా విడదీసేది 1600 దగ్గర. దుమ్ము తీసే ఇన్‌ఫ్రారెడ్ సదుపాయం కూడా వెండి ఉన్న బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్‌కు పనిచేయదు, వెండి ఆ కిరణాలనూ అడ్డుకుంటుంది. కెమెరా చేతిలో ఉన్నవాళ్లు ట్యూబులు, మంచి లైటు, ఫిల్మ్‌ను చదునుగా పట్టే హోల్డరు కొంటే చాలు. ఫ్రేము చుట్టూ వెలుతురు కారకుండా నల్ల కాగితం కత్తిరించి కప్పడం మరిచిపోకండి, కాంట్రాస్టు అక్కడే పోతుంది.

బెజవాడ_ఫిల్మ్
నిన్న రాత్రి ఒక రోల్ చేశాను. స్టాక్ 33, ఫ్రిజ్ నీళ్లు 15, కలిపాక 24. బక్కెట్టు 23. తొమ్మిది నిమిషాలు. ఒంపేటప్పుడు డెవలపర్ 24.5. ఫిక్సర్ ముక్క పరీక్ష 40 సెకన్లు, అందుకే నిమిషంన్నర పెట్టాను. గరుకు లేదు, చారలు లేవు. రెండో రోల్ మళ్లీ ఫిక్స్ చేస్తే తేటపడింది. ఒక్కటే మిగిలింది, ఫిల్మ్ అంచు అంతా లేత గులాబీ రంగు.

గ్రెయిన్_గోపాలం
పోశాక ఊపకుండా వదిలితే ముక్కకన్నా రీలు మీద ఫిల్మ్ నెమ్మదిగా తేటపడుతుంది. 40 సెకన్ల లెక్క వచ్చినా కనీసం 3 నిమిషాలు పెట్టండి.

డార్క్‌రూమ్_సుబ్బు
గులాబీ అంటే ఫిల్మ్‌లోని రంగు కొంచెం మిగిలింది. బొమ్మకు నష్టం లేదు. ముందు గోపాలం గారు చెప్పినట్టు మళ్లీ ఫిక్సర్‌లో వేసి మూడు నిమిషాలకు తీసుకెళ్లండి, ఆపైన 5-10-20 కడుగుడు అయ్యాక ఇంకోసారి నింపి పది నిమిషాలు అలాగే ఉంచి ఒంపండి. 24 నీళ్లే.